చీకట్లో కనిపించే గురి: పిస్తోలు సైటు మీద వెలిగే చుక్కను ఇంట్లోనే చవకగా పెట్టుకోవడం ఎలా?

మన ఊళ్లలో చీకట్లో వెలిగేది ఏదైనా రేడియమే. బండి నంబరు ప్లేటు మీద అతికించేదీ రేడియమే, పిల్లల గది పైకప్పుకు అంటించే నక్షత్రాలూ రేడియమే. నేను టెక్సాస్‌కు వచ్చి పదిహేనేళ్లయినా ఆ అలవాటు పోలేదు. నా పిస్తోలు ముందు సైటు (గురి చూడటానికి గొట్టం కొస దగ్గర ఉండే చిన్న దిమ్మ) మీద వెలిగే చుక్క పెడుతున్నానని ఫోనులో చెబితే మా బావమరిది అడిగిన మొదటి ప్రశ్న, "రేడియం వేస్తున్నారా బావా?" అని. కాదు. నంబరు ప్లేటు మీదిది పడిన వెలుతురును వెనక్కి తిప్పికొట్టే షీటు. పిల్లల నక్షత్రాలది వెలుతురును తాగి నెమ్మదిగా వదిలే పొడి. వెలిగే రంగుల్లో అసలైన రేడియం వాడకం ఎప్పుడో ఆగిపోయింది. మనకు కావలసింది ఆ రెండో రకం పొడి.

ఈ పనికి పది పదిహేను డాలర్లు చాలు. సగం సామాను ఇంట్లోనే ఉంటుంది. కంపెనీ అమ్మే ట్రిటియం (గాజు గొట్టంలో బంధించి వెలుగు పుట్టించే ఒక వాయువు) రాత్రి సైట్లకు వంద డాలర్ల పైమాటే, బిగించిన కూలి వేరు. అయితే చవకగా వచ్చేదానితో ఏ పని జరుగుతుందో, ఏది జరగదో ముందే తేల్చుకోవాలి.

వెలిగే చుక్క దేనికి, దేనికి కాదు

చుక్క వెలిగితే నా తుపాకీ ఎటు చూస్తోందో నాకు తెలుస్తుంది. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. నీళ్ల కోసం లేచిన కొడుకా, చెప్పకుండా వచ్చిన చుట్టమా, దొంగా అన్నది సైటు చెప్పదు. అది చెప్పేది టార్చిలైటు. అందుకే ఇంటి రక్షణ కోసం తుపాకీ ఉంచుకున్నవారు మొదట కొనాల్సింది చేతిలో పట్టుకునే మంచి టార్చి. పిస్తోలుకు బిగించే లైటుతో ఇల్లు వెతకడం మొదలుపెడితే, గొట్టం మూతి కూడా లైటు తిరిగిన చోటల్లా తిరుగుతుంది. చేతి టార్చికి ఆ చిక్కు లేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. టార్చి వేశాక ఎదుటి గోడ తెల్లగా వెలిగిపోతుంది. దాని ముందు సైట్లు నల్లటి నీడల్లా స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు వెలిగే చుక్కతో పెద్ద పని లేదు. పూర్తి చీకటిలో ఎదురుగా ఏముందో తెలియదు కాబట్టి కాల్చే ప్రసక్తే లేదు. మిగిలింది మధ్యలో ఉన్న సన్నని సందు: సంధ్య వేళ, వీధి దీపం వెలుతురు కొద్దిగా పడే వరండా, లైట్లు తగ్గించిన షూటింగ్ రేంజి. లక్ష్యం మసకగా కనిపిస్తూ, నల్లటి సైటు మాత్రం ఆ మసకలో కలిసిపోయే చోటు అది. చుక్క అక్కరకొచ్చేది అక్కడే. అంతకు మించి ఆశిస్తే నిరాశే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు మరో మాట. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి లోతుపాతులు న్యాయవాదిని అడిగి తెలుసుకోవాల్సినవే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ ఆంక్ష లేదు. వాటిపైన రాష్ట్రాల నిబంధనలు వేరే. స్నేహితుడి తుపాకీకి రంగు వేసి పెడతానని ఇంటికి తెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. సైటుకు చుక్క పెట్టడంలో తప్పు లేదు. తుపాకీ మీ చేతిలో ఉండవచ్చా అన్నదే ప్రశ్న.

ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది

వెలిగే పదార్థాలలో మూడు కుటుంబాలు ఉన్నాయి. మొదటిది రేడియం. 1917 ప్రాంతం నుంచి అమెరికాలో గడియారాల ముఖాల మీద రేడియం రంగు వేసిన యువతులు కుంచె కొనను పెదవులతో సన్నం చేసుకునేవారు. దవడ ఎముకలు కుళ్లి చాలామంది చనిపోయారు. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. పాత సైనిక గడియారాలు, కొలత పరికరాల రంగు గీకి వాడుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఇక్కడే మానుకోండి.

రెండోది ట్రిటియం. ఇది హైడ్రోజన్‌కు అన్నదమ్ముల్లాంటి వాయువు. లోపలి గోడకు ఫాస్ఫర్, అంటే వెలుగునిచ్చే పదార్థం, పూత ఉన్న చిన్న గాజు గొట్టంలో దీన్ని బంధిస్తారు. బయటి వెలుతురుతో పని లేకుండా పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. దాదాపు 12.3 ఏళ్లకు వెలుగు సగమవుతుంది. డబ్బు పెట్టగలిగినవారికి ఇదే మేలు. మీ తుపాకీకి ఇప్పటికే ట్రిటియం సైట్లు ఉండి అవి మసకబారితే గాజు గొట్టాన్ని తవ్వకండి, గీకకండి, డ్రిల్ దగ్గరికే రానివ్వకండి. దాని చుట్టూ ఉన్న తెల్ల వలయం మీద మనం చెప్పుకోబోయే రంగు పూసుకోవచ్చు.

మూడోదే మన సరుకు. ఇందులోనూ పాతది, కొత్తది ఉన్నాయి. పాత బొమ్మల్లో వాడింది జింక్ సల్ఫైడ్, ఒక గంట తిరిగేసరికి చల్లారిపోయేది. 1990లలో జపాన్‌లోని నెమోటో కంపెనీ స్ట్రోన్షియం అల్యూమినేట్‌కు యూరోపియం, డిస్ప్రోసియం చేర్చి తయారుచేసిన పొడి దానికంటే ఎన్నో రెట్లు కాంతిమంతం, గంటల తరబడి నిలుస్తుంది. దీనిలో రేడియోధార్మికత లేదు. కొనేటప్పుడు డబ్బా మీద 'స్ట్రోన్షియం అల్యూమినేట్' అని రాసి ఉందో లేదో చూడండి. రాసి లేకపోతే అది పాత రకమని అనుకోవడమే క్షేమం.

రంగు ఎంపికలో చాలామంది సరదాకు పోయి దెబ్బతింటారు. ఎరుపు, నారింజ రంగుల్లో వెలిగే పొడులు అమ్ముతారు, చూడటానికి ముచ్చటగా ఉంటాయి, పది నిమిషాల్లో కనిపించవు. చీకటికి అలవాటుపడిన మన కన్ను 507 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే నీలం కలిసిన ఆకుపచ్చ దగ్గర, బాగా పనిచేస్తుంది. ఆకుపచ్చ పొడి వెలుగు 520 దగ్గర, సముద్రపు నీలి పొడి వెలుగు 490 దగ్గర ఉంటాయి. రెండూ కంటికి అనువైనవే. నాకు ఆకుపచ్చ ఇష్టం, పగటి వెలుతురులో కూడా లేత పసుపు పచ్చగా కనిపిస్తుంది. పెన్నుల రూపంలో దొరికే ఫ్లోరసెంట్ నారింజ రంగులు వేరు. అవి పగలు మెరుస్తాయి, చీకటి పడితే నల్లటి సైటుతో సమానం.

డబ్బా మీద '12 గంటలు వెలుగుతుంది' అని ఉంటే అది అబద్ధం కాదు, అలాగని మీరనుకునే నిజమూ కాదు. మొదటి పది పదిహేను నిమిషాల్లోనే వెలుగులో ఎక్కువ భాగం పడిపోతుంది. ఆ తర్వాత సన్నగా, చాలాసేపు సాగుతుంది. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి, చీకటికి పూర్తిగా అలవాటుపడిన కంటికి ఆ సన్నని వెలుగు కనిపిస్తుంది. బయటి నుంచి అప్పుడే లోపలికి వచ్చినవారికి కనిపించదు.

కావలసిన సామాను

స్ట్రోన్షియం అల్యూమినేట్ పొడి చిన్న పొట్లం, లేదా అదే పొడి కలిపి సిద్ధంగా అమ్మే చిన్న రంగు సీసా. సొంతంగా కలుపుకుంటే చవక, మందం మన చేతిలో ఉంటుంది. కలపడానికి రంగులేని గోళ్ల రంగు, లేదా రెండు భాగాలుగా వచ్చే పారదర్శక ఎపాక్సీ జిగురు. నీళ్లతో చేసే రంగుల్లో మాత్రం ఈ పొడి కలపకండి. పూత లేని స్ట్రోన్షియం అల్యూమినేట్ తడి తగిలితే నెమ్మదిగా పాడైపోతుంది.

అడుగున వేయడానికి తెల్ల గోళ్ల రంగు లేదా బొమ్మలకు వేసే తెల్ల ఎనామెల్. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. దూది పుల్లలు, టూత్‌పిక్కులు ఒక గుప్పెడు, మాస్కింగ్ టేపు, పాత తువ్వాలు, బరువైన కాఫీ మగ్గు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు. ఈ పొడి చాలా గరుకైనది, స్లైడు (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) పట్టాల్లో పడితే ఇసుకలా అరగదీస్తుంది. అందుకే కలపడం ఒక బల్ల మీద, తుపాకీ పని ఇంకో బల్ల మీద.

గోళ్ల రంగు కోసం నేను వంటింటి పక్క గదిలో సొరుగు తీశాను. రెండో రోజు మా ఆవిడ, "ఏమండీ, నా తెల్ల సీసాకు కాళ్లొచ్చాయా?" అని అడిగింది. రెండు డాలర్లు పెట్టి కొత్తది కొనుక్కోండి, ఇంటికి మంచిది.

అతికించే వెలుగు టేపును పంచింగ్ మిషనుతో గుండ్రంగా కత్తిరించి సైటుకు అంటించేవారూ ఉన్నారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నూనె తగిలినా, ఒరలో రెండుసార్లు రాసుకున్నా ఊడిపోతుంది. ఈ చుక్క తమకు నచ్చుతుందో లేదో చూసుకోవాలనుకునేవారు మాత్రం ముందుగా అదే చేసి చూడవచ్చు.

మొదటి అడుగు: తుపాకీని ఖాళీ చేయడం

తొందర పనికిరాని భాగం ఇదే. రంగు వేసేటప్పుడు మీ ముఖం సైటుకు జానెడు దూరంలో ఉంటుంది. కాబట్టి సైటు కింద ఉన్నది తుపాకీ కాకుండా చేసుకోవాలి.

గొట్టాన్ని ఎవరూ లేని, తూటా దిగినా ఆగిపోయే దిక్కుకు పెట్టండి. వేలు ట్రిగ్గర్ బయట. ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీయండి, ఆ తర్వాతే స్లైడును వెనక్కి లాగండి. ఈ వరుస తప్పితే చాంబర్‌లోని (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోని) తూటా బయటికి వచ్చి, మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా లోపలికి వెళుతుంది. ఖాళీ చేశామని నమ్మిన తుపాకీ అలాగే పేలుతుంది. స్లైడును వెనక్కి ఆపి, చాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలుతో తడిమి చూడండి. ఒకసారి తల తిప్పుకుని, మళ్లీ చూడండి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి, అన్ని గదులూ ఖాళీ అని లెక్కపెట్టండి. తూటాలన్నీ వేరే గదిలోకి వెళ్లాలి. అదే బల్ల మీద మూల పెట్టడం కాదు, వేరే గది.

ఇప్పుడు స్లైడును ఫ్రేము (పిడి ఉన్న కింది భాగం) నుంచి విప్పండి. గ్లాక్ వంటి కొన్ని పిస్తోళ్లను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు. అందుకే పైన చెప్పిన తనిఖీ మూడుసార్లు చేశాకే ఆ పని. గొట్టాన్నీ స్ప్రింగునూ కూడా తీసేస్తే చేతిలో మిగిలేది సైట్లు ఉన్న ఇనుప ముక్క మాత్రమే. మనసు కుదురుగా ఉంటుంది, చేయి వణకదు.

రివాల్వర్‌ను ఇలా విడదీయలేం. సిలిండర్ తెరిచే ఉంచి, మూతి కిందికి వచ్చేలా తువ్వాలు చుట్టి నిలబెట్టుకోవాలి.

రెండో అడుగు: జిడ్డు వదిలించడం

రంగు ఊడిపోయిందని చెప్పే పదిమందిలో ఎక్కువమంది తప్పు ఇక్కడే జరుగుతుంది. సైటు చేతికి పొడిగా అనిపించినా, నూనె పల్చటి పొరగా ఉంటుంది. దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి సైటు వెనక ముఖాన్ని, అంటే కాల్చేవారి వైపు ఉన్న ముఖాన్ని రుద్దండి. దూది నల్లబడుతుంది. కొత్త పుల్ల తీసుకుని మళ్లీ రుద్దండి. దూది తెల్లగా వచ్చే వరకు ఇదే పని. నాకు మొదటిసారి ఏడు పుల్లలు పట్టాయి. ఆ తర్వాత ఆ ముఖాన్ని వేలితో ముట్టుకోకండి.

అసిటోన్ బలమైనది కాబట్టి చాలామంది దానికి మొగ్గుతారు. సైటు ఉక్కుదైతే సరే. గ్లాక్ తుపాకీలతో మామూలుగా వచ్చే సైట్లు ప్లాస్టిక్‌వి, వాటిపై అసిటోన్ వాడకూడదు. ఏది ఏమిటో తెలియకపోతే ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి ఆనించండి. అంటుకుంటే ఉక్కు. ట్రిటియం గొట్టాలున్న సైటుకూ, ఫైబర్ ఆప్టిక్ కడ్డీ ఉన్న సైటుకూ అసిటోన్ దూరం.

నున్నటి ఉక్కు ముఖమైతే, సన్నని ఇసుక కాగితం ముక్కను టూత్‌పిక్ కొనకు చుట్టి, చుక్క వచ్చే చోట మాత్రమే నాలుగుసార్లు తిప్పండి. రంగు పట్టుకోవడానికి గరుకు దొరుకుతుంది. ఆ తర్వాత మళ్లీ ఆల్కహాల్.

మూడో అడుగు: తెల్లటి పునాది

వెలిగే పొడి కలిపిన రంగు సగం పారదర్శకంగా ఉంటుంది. నల్లటి సైటు మీద నేరుగా వేస్తే, వెనక్కి వెళ్లిన వెలుగును నలుపు మింగేస్తుంది. అడుగున తెలుపు ఉంటే ఆ వెలుగు తిరిగి మన కంటి వైపే వస్తుంది. తెలుపు వేయకుండా రంగు మంచిది కాదని తిట్టుకునేవారు చాలామంది.

చాలా పిస్తోళ్లకు ముందు సైటు మీద తెల్ల చుక్క కంపెనీ నుంచే ఉంటుంది. అది గట్టిగా, శుభ్రంగా ఉంటే అదే పునాది. లేకపోతే మనమే వేసుకోవాలి. ముందు సైటు వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లే. చుక్క రెండు మిల్లీమీటర్లు మించకూడదు. పై అంచు దగ్గర కనీసం అర మిల్లీమీటరు నలుపు వదలాలి. ఈ అంచు విలువ తర్వాత తెలుస్తుంది: పగలు గురి చూసేది ఆ నల్లటి పై గీతతోనే. రంగు పైకి ఎక్కి అంచు మొద్దుబారితే సైటు ఎత్తు పెరిగినట్లే. నా మొదటి ప్రయత్నంలో రంగు పైకి పాకింది. చీకట్లో చక్కగా వెలిగింది. మర్నాడు రేంజిలో ఎండలో చూస్తే, సైటు కొన గుండ్రంగా మారి, తూటా ఎక్కడ పడుతుందో నాకే తెలియలేదు. ఇంటికి వచ్చి మొత్తం గీకాను.

టూత్‌పిక్ కొనను తెల్ల రంగులో ముంచి, సీసా మూతికి తాకించి అదనపు రంగు తీసేసి, మధ్యలో ఒక చుక్క పెట్టండి. పూయకండి, పెట్టండి. సంక్రాంతి ముగ్గులో చుక్క పెట్టినట్లు, చేయి తాకీ తాకనట్లు ఉండాలి. అరగంట ఆరనిచ్చి రెండో పూత. తొందరపడి ఒకేసారి మందంగా వేస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తెలుపు బాగా ఆరడానికి ఒక రాత్రి వదిలేయడం నా పద్ధతి.

నాలుగో అడుగు: వెలిగే చుక్క

అసలు కిటుకు రంగులో లేదు, స్లైడును నిలబెట్టడంలో ఉంది. బల్ల మీద పడుకోబెట్టి రంగు పెడితే చుక్క కిందికి జారి కన్నీటి బొట్టులా తయారవుతుంది. కాఫీ మగ్గులో తువ్వాలు కుక్కి, స్లైడు మూతి భాగం కిందికి, వెనక భాగం పైకి వచ్చేలా నిలబెట్టండి. అప్పుడు మనం రంగు వేయాల్సిన సైటు ముఖం ఆకాశం వైపు చూస్తుంది. ఆ ముఖం కొంచెం వాలుగా ఉంటే మగ్గును అటూ ఇటూ వంచి, సమంగా ఉండేలా సర్దండి. ఇక చుక్క జారదు, తనంతట తానే గుండ్రంగా సర్దుకుంటుంది.

సీసా మూతలోనో, రేకు ముక్క మీదో ఒక పాలు పొడికి రెండు పాళ్లు రంగులేని గోళ్ల రంగు పోసి కలపండి. పల్చగా ఉంటే పొడి పెంచుతూ పోండి. దోసె పిండిలా టూత్‌పిక్ నుంచి నెమ్మదిగా జారాలి, ఇడ్లీ పిండిలా ముద్ద కట్టకూడదు. పొడి బరువైనది, క్షణాల్లో అడుగుకు దిగిపోతుంది. కాబట్టి ప్రతి చుక్కకూ ముందు మళ్లీ కలపాలి. ఒకేసారి ఎక్కువ కలపడం దండగ, ఐదు నిమిషాల్లో చిక్కబడుతుంది. ఆ టూత్‌పిక్‌ను అలవాటుగా నోట్లో పెట్టుకోకండి. ఇది రేడియం కాదు గానీ, గాజు పొడి లాంటి గరుకు.

ఒక చిన్న బొట్టును తెల్ల చుక్క మధ్యలో వదలండి. అంచులకు మీరు లాగకండి, అదే పాకుతుంది. చూస్తూ ఉంటే పొడి గింజలు నెమ్మదిగా తెలుపు మీదికి దిగి, పైన సన్నటి పారదర్శక పొర మిగలడం కనిపిస్తుంది. కిందికి దిగిన గింజలు దట్టంగా కూర్చుంటాయి, పైపొర వాటిని కాపాడుతుంది. స్లైడును నిలబెట్టినందుకు దక్కే రెండో లాభం ఇది. అరగంటకు ఒకటి చొప్పున మూడు నాలుగు బొట్లు వేయండి. వెలుగు మందాన్ని బట్టి ఉంటుంది. అర మిల్లీమీటరు దగ్గరికి వచ్చాక ఇంకా వేసినా పెద్దగా పెరగదు, ఊడే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. చుక్క ఉండాల్సిన చోట కంపెనీ చిన్న గుంట తొలిచి ఉంటే మీ అదృష్టం. ఆ గుంటను అంచు వరకు నింపితే చాలు, ఒరలో రాసుకునే భయమే ఉండదు.

ఎపాక్సీ వాడితే గోళ్ల రంగు కంటే గట్టిగా నిలుస్తుంది, తుపాకీ శుభ్రం చేసే ద్రావకాలనూ బాగా తట్టుకుంటుంది. కానీ కలిపేటప్పుడు బుడగలు వస్తాయి, కొన్ని రకాలు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతాయి. అతినీలలోహిత లైటుతో గట్టిపడే రెజిన్ కూడా వాడతారు. అందులో ఒక చిక్కు: గట్టిపరచాల్సిన లైటును మన పొడే తాగేస్తుంది, మందంగా వేస్తే అడుగు పచ్చిగా ఉండిపోతుంది. పల్చటి పొరలుగా వేసి, ప్రతి పొరనూ విడిగా గట్టిపరచాలి. మొదటిసారి చేసేవారికి గోళ్ల రంగే మేలు. తప్పు చేస్తే తీసేయడం సులువు.

చివరి బొట్టు ఆరాక, పొడి లేని రంగులేని పూత ఒకటి. ఆ తర్వాత 24 గంటలు ముట్టుకోకండి. అంచు దాటిన రంగు ఉంటే, పూర్తిగా గట్టిపడక ముందే ఆల్కహాల్ తడిపిన టూత్‌పిక్‌తో తుడవాలి.

వెనక సైటుకు కూడా వేయాలా?

నా మాట: మొదట వద్దు. ముందు, వెనక ఒకే రంగులో, ఒకే వెలుగుతో మూడు చుక్కలు పెడితే చీకట్లో ఒక పొరపాటు జరుగుతుంది. ముందు చుక్క వెనక చుక్కల మధ్యలోకి రాకుండా పక్కకు జరిగినా, మూడు చుక్కలు వరుసగానే కనిపిస్తాయి. ఏది ముందుది, ఏది వెనకది అని కన్ను గుర్తుపట్టలేదు. గురి కుదిరిందని నమ్మి పక్కకు కాలుస్తారు. ముందు చుక్క ఒక్కటే వెలిగితే ఆ గందరగోళం లేదు. దగ్గరి దూరంలో వెనక సైటు నల్లటి గాడి మధ్యలో ఆ ఒక్క చుక్కను కూర్చోబెట్టడం చేయికి త్వరగానే అలవాటవుతుంది.

వెనక కూడా కావాలని మనసు ఆగకపోతే, ముందు ఆకుపచ్చ పెద్ద చుక్క, వెనక నీలి రంగు చిన్న చుక్కలు, అవీ ఒక్క పూతతో. వెనకవి కంటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఎక్కువ వెలిగితే ముందుదాన్ని మింగేస్తాయి. చూపు నిలవాల్సింది ముందు సైటు మీద. కంటిని వెనక్కి లాగేది ఏదైనా అడ్డమే.

ఐదో అడుగు: పరీక్ష

కిటికీ లేని బాత్రూమ్‌లోకి విప్పిన స్లైడునే తీసుకెళ్లండి, తుపాకీని బిగించకండి. టార్చిని చుక్కకు దగ్గరగా అర నిమిషం పట్టుకుని లైట్లన్నీ ఆపండి. అతినీలలోహిత టార్చి ఉంటే ఐదు పది సెకన్లు చాలు, కానీ దాన్ని నేరుగా కంట్లోకి వేసుకోకండి. మొదట చుక్క కళ్లు చెదిరేలా ఉంటుంది. ఆ ఆనందంలో ఫోనుతో ఫొటో తీసి స్నేహితులకు పంపకండి. ఫోను కెమెరా ఎక్కువసేపు వెలుగును పోగుచేసి, ఉన్నదానికంటే ఎంతో ప్రకాశంగా చూపిస్తుంది. అరచేయి దూరంలో కాదు, చేయి చాచిన దూరంలో చూడండి. పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, అరగంట తర్వాత మరోసారి. ఆ అరగంట తర్వాత కనిపించిందే మీరు నమ్ముకోదగిన వెలుగు.

తర్వాత వచ్చే ప్రశ్న, ఒరలోనో పెట్టెలోనో ఉన్నప్పుడు వెలుతురు ఎలా అందుతుంది? అందదు. సాయంత్రం పెట్టెలో పెట్టిన పిస్తోలు అర్ధరాత్రి తీసేసరికి చుక్క దాదాపు చల్లారి ఉంటుంది. వెలుగు అందాలని దాన్ని బయట మంచం పక్కన దీపం కింద ఉంచుదామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. పిల్లలున్న ఇంట్లో వెలిగే బొమ్మను మించిన ఆకర్షణ లేదు. పిస్తోలు తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. కొందరు పెట్టె లోపల, తలుపు తెరవగానే వెలిగే చిన్న బ్యాటరీ లైటు అంటిస్తారు. తెరిచి చేతిలోకి తీసుకునే ఆ రెండు మూడు సెకన్లలో కొంత వెలుగు ఎక్కుతుంది. మిగతాది చేతిలోని టార్చి చూసుకుంటుంది.

రేంజికి వెళ్లిన మొదటి రోజు పగటి వెలుతురులోనే మొదలుపెట్టండి. తూటాలు మునుపటి చోటే పడుతున్నాయంటే పై అంచు చెడిపోలేదని అర్థం. యాభై తూటాలు కాల్చాక చుక్కను వేలిగోటితో మెల్లగా తట్టి చూడండి. అంచు లేచిందంటే జిడ్డు సరిగ్గా వదలలేదు. ఒరలోంచి వందసార్లు తీసి పెట్టాక మరోసారి చూడండి. గట్టి ప్లాస్టిక్ ఒరలో సైటు కోసం లోతైన గాడి లేకపోతే చుక్క పైభాగం అరిగిపోయి, అక్కడ తెలుపు తేలుతుంది.

ఆ తర్వాత

గొట్టం శుభ్రం చేసే ద్రావకం గోళ్ల రంగును కరిగిస్తుంది. శుభ్రం చేసే ముందు చుక్క మీద మాస్కింగ్ టేపు ముక్క ఒకటి అంటిస్తే సరిపోతుంది, నూనె రాసేటప్పుడు కూడా. నా పిస్తోలు చుక్కను నేను ఏడాదికి ఒకసారి మారుస్తాను. పొడి శక్తి తగ్గిపోయి కాదు, పైన గీతలు పడి మురికి పట్టి మసకగా కనిపిస్తుంది కాబట్టి.

తీసేయడం పెద్ద పని కాదు. ఉక్కు సైటు మీదిదైతే దూది పుల్లతో కొంచెం అసిటోన్ అద్ది, నిమిషం ఆగితే మెత్తబడుతుంది. ప్లాస్టిక్ సైటు మీదిదైతే ఆల్కహాల్‌తో తడిపి, టూత్‌పిక్ కొనను అంచు కిందికి దూర్చి మెల్లగా పైకి లేపండి. జిడ్డు వదిలించకుండా వేసిన చుక్క బిళ్లలా ఒక్క పెట్టున ఊడి బల్ల మీద పడుతుంది. సరిగ్గా వేసిందైతే ముక్కలు ముక్కలుగా గీకాల్సి వస్తుంది.